18446744073709551615ని కాగితం, పెన్నుతో పూర్తిగా విప్పడం ఎలా

ఇరవై అంకెల సంఖ్య ఏదో ఒకటి ముందు పెట్టి దీని కారణాంకాలు చెప్పమంటే ఎవరైనా చేతులెత్తేయాల్సిందే. 3తో, 7తో, 11తో, 13తో భాగిస్తూ కూర్చుంటే జీవితం చాలదు. కానీ ఈ సంఖ్య అలాంటిది కాదు. ఇది ఎలా పుట్టిందో మనకు తెలుసు: చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గడులూ రెట్టింపు చేస్తూ నింపితే వచ్చే మొత్తం. పుట్టుక తెలిసిన సంఖ్యకు అంకెల వెంట పడక్కర్లేదు, పుట్టుకను పట్టుకుంటే మిగతావన్నీ వరసగా బయటికొస్తాయి. ఓ ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని చేయండి. గళ్ల నోటుబుక్కు, పెన్ను, హైస్కూలు లెక్కలు ఉంటే చాలు. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టండి, ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు పద్యంలోంచి సంఖ్యను తీయండి

తెలుగువాళ్లకు ఈ సంఖ్యను గుర్తు పెట్టుకోడానికి ఒక చంపకమాల ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మీద ఈ పద్యం ప్రచారంలో ఉంది. అందులో అంకెలు అంకెలుగా ఉండవు, వస్తువుల పేర్లుగా ఉంటాయి. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1, మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరం అంటే 5, ఆకాశం అంటే 0, అలాగన్నమాట. వరస ఇది, పక్కన అంకెలు వేసుకుంటూ రాసుకోండి:

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, పద్యంలో సంధులు ఉంటాయి. "వియన్నగాగ్ని" అని కలిపి వినిపించే చోట వియత్, నగ, అగ్ని అని మూడు ముక్కలున్నాయి, అంటే మూడు అంకెలు. దాన్ని రెండుగా విడదీశారా, అక్కడి నుంచి సంఖ్య మొత్తం జరిగిపోతుంది. రెండోది సముద్రం. సప్త సముద్రాలు అనే మాట అలవాటైపోయి అబ్ధికీ పయోనిధికీ 7 వేసేస్తాం, కానీ ఈ పద్ధతిలో సముద్రం అంటే 4, కొండకే 7.

అన్నీ రాశాక కుడి నుంచి ఎడమకు తిప్పండి. పద్యంలో మొదట వచ్చేది ఒకట్ల స్థానం, చివర వచ్చే చంద్రుడు అన్నిటికంటే పెద్ద స్థానం. 18446744073709551615 వచ్చిందా? రాకపోతే పైన చెప్పిన రెండు చోట్లే మళ్లీ చూడండి.

చదవడం కూడా నేర్చుకోండి. కుడి నుంచి ఏడేసి అంకెలుగా విడగొడితే తేలిక. లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. పిల్లలతో ఒకసారి గట్టిగా చదివించండి, భలే ఉంటుంది.

పద్యాన్ని నమ్మకండి, మీరే లెక్క కట్టండి

అరవై నాలుగు గడుల్నీ విడివిడిగా రాసి కూడక్కర్లేదు. చిన్న కిటుకు ఉంది. పలక పక్కన అదనంగా ఒక గింజ పెట్టుకోండి. దాన్ని మొదటి గడిలోని 1తో కలిపితే 2. ఆ 2ని రెండో గడిలోని 2తో కలిపితే 4, దాన్ని మూడో గడిలోని 4తో కలిపితే 8. ఇలా ప్రతిసారీ చేతిలో ఉన్నదీ, తర్వాతి గడిలో ఉన్నదీ సమానం అవుతూ పోతుంది. అరవై నాలుగో గడి దాటేసరికి చేతిలో ఉండేది 2⁶⁴. మొదట్లో అప్పుగా తెచ్చిన ఆ ఒక్క గింజా తీసేస్తే మొత్తం 2⁶⁴ − 1. సూత్రం బట్టీ పట్టినవాళ్లకంటే ఇలా చూసినవాళ్లకు బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు 2⁶⁴ కావాలి. అరవై మూడు సార్లు రెట్టింపు చేయకండి, ఆరు సార్లు వర్గం చేయండి. 2 వర్గం 4, దాని వర్గం 16, దాని వర్గం 256, దాని వర్గం 65536, దాని వర్గం 4294967296. ఇది 2³². ఆఖరి వర్గం ఒక్కటే కాస్త ఓపిక అడుగుతుంది. దాన్ని 42949, 67296 అని రెండు ముక్కలు చేసి (అ + ఆ)² సూత్రం వాడండి:

42949² = 1844616601 (43000లోంచి 51 తీసేసినట్టు చేస్తే త్వరగా వస్తుంది)
2 × 42949 × 67296 = 5780591808
67296² = 4528751616

మొదటిదాని పక్కన పది సున్నాలు, రెండోదాని పక్కన ఐదు సున్నాలు పెట్టి, మూడూ ఒకదాని కింద ఒకటి రాసి కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేస్తే మన సంఖ్య. గళ్ల నోటుబుక్కు అడిగింది ఈ కూడిక కోసమే, గడికో అంకె పడకపోతే ఇక్కడ తప్పకుండా దొర్లుతారు.

సరిచూసుకోవడం: 9, 11 రెండూ కావాలి

అంకెలన్నీ కూడండి. 87 రావాలి. మళ్లీ కూడితే 15, మళ్లీ కూడితే 6. అంటే 9తో భాగిస్తే శేషం 6. ఇప్పుడు పుట్టుక వైపు నుంచి చూడండి: 2⁶ = 64, దాన్ని 9తో భాగిస్తే శేషం 1. కాబట్టి 2⁶⁰కీ శేషం 1, మిగిలిన 2⁴ = 16కి శేషం 7, ఒకటి తీసేస్తే 6. రెండూ కలిశాయి. పద్యంలో ఏ ఒక్క సముద్రానికైనా 7 వేసి ఉంటే మొత్తం 90 అయ్యేది, శేషం 0 వచ్చి అక్కడే దొరికిపోయేవారు.

అయితే 9 పరీక్షకు ఒక లోపం ఉంది. అంకెలు తారుమారైతే అది పట్టుకోలేదు, ఎందుకంటే మొత్తం మారదు కదా. 7370ని 7307 అని రాసినా సరే అంటుంది. అందుకే 11 పరీక్ష కూడా చేయాలి. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడండి: 5, 6, 5, 9, 7, 7, 4, 7, 4, 8 మొత్తం 62. మిగిలినవి కూడితే 25. తేడా 37, దాన్ని 11తో భాగిస్తే శేషం 4. పుట్టుక వైపు నుంచి: 2¹⁰ = 1024, 11తో భాగిస్తే శేషం 1, కాబట్టి 2⁶⁰కి 1, 2⁴కి 5, ఒకటి తీసేస్తే 4. ఇదీ కలిసింది. పక్కపక్కనున్న వేర్వేరు అంకెలు తారుమారైతే ఈ పరీక్ష తప్పకుండా పట్టేస్తుంది. ఈ రెండూ దాటితే ధైర్యంగా ముందుకు పోవచ్చు.

కారణాంకాలు: అసలు అందం ఇక్కడుంది

స్కూల్లో చదివిన అ² − ఆ² = (అ + ఆ)(అ − ఆ) గుర్తుందిగా. 2⁶⁴ అంటే 2³² వర్గం. 1 అంటే 1 వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1)

కుడివైపున్న 2³² − 1ని మళ్లీ అలాగే విడగొట్టండి, అందులోంచి వచ్చే 2¹⁶ − 1ని మళ్లీ. ఆగకుండా కిందికి దిగిపోతే ఆఖరికి

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మిగులుతుంది. ఇరవై అంకెల సంఖ్య ఒక్క భాగహారం కూడా చేయకుండా ఆరు ముక్కలైంది! ఈ ఆరూ ఊరికే వచ్చిన ముక్కలు కావు. పదిహేడో శతాబ్దంలో పియర్ ద ఫెర్మా అనే ఫ్రెంచి లాయరు ఇలా 2కి 1, 2, 4, 8, 16, 32... ఘాతాలు కట్టి ఒకటి కలిపితే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని గట్టిగా అనుకున్నాడు. 3, 5, 17, 257 దాకా మీరే నోటితో చూసేయొచ్చు. 65537 దగ్గర కాస్త ఆగాలి, 4294967297 దగ్గర అసలు కథ మొదలవుతుంది.

ఇక్కడ మీకు ఒక ఆయుధం కావాలి, ఇది లేకపోతే వందల కొద్దీ భాగహారాలు చేయాలి. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తోంది అనుకోండి. అప్పుడు దానితో భాగిస్తే 2³²కి శేషం −1 (అంటే సరిగ్గా భాగించడానికి ఒకటి తక్కువ), 2⁶⁴కి శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకు ఒకసారి మొదటికి వస్తాయి, అంతకంటే ముందు రావు. ఆ చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైనదాన్ని భాగించాలని ఫెర్మాదే ఇంకో సిద్ధాంతం (ఇది మాత్రం నిజం, రుజువైంది). కాబట్టి ఆ ప్రధాన సంఖ్య 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. తర్వాత ఎడ్వర్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త దీన్ని ఇంకా బిగించి 128 గుణిజానికి ఒకటి కలిపినదే అయ్యుండాలని చూపించాడు. ఈ లూకా పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

అదే తర్కం 65537కి, అంటే 2¹⁶ + 1కి వాడితే అక్కడ 64 గుణిజానికి ఒకటి కలపాలి. దాని వర్గమూలం 256 పైన కొద్దిగా, కాబట్టి 65, 129, 193 మాత్రమే చూడాలి. మొదటి రెండూ ప్రధానం కావు. 193 × 339 = 65427, శేషం 110. అయిపోయింది, 65537 ప్రధాన సంఖ్య. ఒక్క భాగహారంతో!

ఇక 4294967297. 128 గుణిజానికి ఒకటి కలిపినవి వరసగా రాయండి: 129, 257, 385, 513, 641... ప్రధానమైనవి 257, 641. 257 ఇప్పటికే 2³² − 1ని భాగిస్తోంది కాబట్టి దానికి రెండు ఎక్కువైన 2³² + 1ని భాగిస్తే శేషం 2 వస్తుంది, అది కాదు. మిగిలింది 641. పది అంకెల భాగహారం చేయకండి, శేషాలతో నడవండి:

2¹⁶ = 65536 = 641 × 102 + 154, శేషం 154.
154² = 23716 = 641 × 36 + 640, శేషం 640.

అంటే 2³²కి శేషం 640. ఒకటి కలిపితే 641, అంటే సున్నా. భాగించింది! 1732లో లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త కనిపెట్టింది ఇదే, ఫెర్మా ఊహ అక్కడ కూలింది. ఇంకా ముచ్చటైన దారి కావాలంటే 641ని రెండు రకాలుగా రాసి చూడండి: 5 × 2⁷ + 1 అనీ, 5⁴ + 2⁴ అనీ. మొదటిదాని ప్రకారం 5 × 2⁷కి శేషం −1, దాన్ని నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1కి శేషం సున్నా. ఇది రాసుకుని ఒకసారి తీరిగ్గా చూడండి, నాకు లెక్కల్లో ఇంతకంటే అందమైన మూడు వాక్యాలు తెలియవు.

భాగిస్తే వచ్చేది 6700417. ఇది ప్రధానమా? వర్గమూలం 2588 దగ్గర. ఇది 4294967297కి కారణాంకమే కాబట్టి దీని కారణాంకాలకూ అదే 128 షరతు వర్తిస్తుంది. 2588 లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు ఐదే ఐదు: 257, 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 170, 44, 120, 334, 622 రావాలి. ఏదీ సున్నా కాదు కాబట్టి ప్రధానమే. ఈ ఐదు భాగహారాలూ మీ చేత్తో మీరు చేయండి, నేను చెప్పానని వదిలేయకండి.

మొత్తం మీద:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఒక్క మాట. ఇంత సులువుగా రావడానికి కారణం ఆ "ఒకటి తక్కువ". దీనికి రెండు కలిపి చూడండి: 18446744073709551617, అంటే 2⁶⁴ + 1. పక్కనే ఉన్నా దాన్ని విడగొట్టడం చాలా కష్టం. 274177 × 67280421310721 అని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన ప్రకటించాడు, అప్పటికి ఆయనకు ఎనభై దాటింది.

భాజకాలు ఎన్ని?

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. కాబట్టి 2⁷ = 128 భాజకాలు, అంతే. 1 నుంచి ఆ సంఖ్య దాకా వాటన్నిటినీ రాయాలనుకుంటే ఒక పద్ధతి పాటించండి: 1, 3 రాయండి, రెండింటినీ 5తో గుణించి పక్కన చేర్చండి, ఆ నాలుగింటినీ 17తో, ఆ ఎనిమిదింటినీ 257తో, అలా. ఒక్కటీ తప్పిపోదు.

ఈ జాబితాలో ఒక భాగం జ్యామితికి సంబంధించింది. 641, 6700417 పక్కన పెట్టి మిగిలిన ఐదింటితో చేస్తే 32 భాజకాలు వస్తాయి. వాటిలో 1 తీసేస్తే 31: 3, 5, 15, 17, 51, 85, 255... చివరిది 4294967295. స్కేలు గుర్తులు వాడకుండా, కేవలం రూళ్లకర్ర, వృత్తలేఖినితో గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు సరిగ్గా ఇవే. గాస్ అనే జర్మన్ గణితవేత్త 1796లో పందొమ్మిదేళ్లు నిండకముందే 17 భుజాలది సాధ్యమని తేల్చాడు. గింజల లెక్కలోంచి బహుభుజులు రావడమేమిటి అని మొదట విడ్డూరంగా ఉంటుంది, కానీ రెండు చోట్లా ఉన్నది అవే ఐదు ప్రధాన సంఖ్యలు.

ఎంత పెద్దదో చూడండి

ఇంట్లో చిన్న తూకం మిషను ఉంటే వెయ్యి బియ్యపు గింజలు లెక్కపెట్టి తూచండి. గింజ సగటున 20 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏటా పండే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు, అంటే ఏడు వందల ఏళ్లకు పైగా పండించింది మొత్తం తెచ్చి పోయాలి. మీ గింజల బరువు వేరుగా వస్తే ఆ నిష్పత్తిలో మార్చుకోండి.

సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెడితే దాదాపు 58,450 కోట్ల సంవత్సరాలు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. ఇదే లెక్క హనోయ్ టవర్ ఆటలోనూ వస్తుంది: 64 పళ్లేల్ని ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు మార్చడానికి కనీసం పట్టే ఎత్తుల సంఖ్య సరిగ్గా మన సంఖ్యే. 1883లో ఆ ఆటను జనంలోకి తెచ్చినవాడు ఇంకెవరో కాదు, పైన చెప్పిన ఎడ్వర్డ్ లూకానే.

ఇప్పుడు కంప్యూటర్ తీయండి

బైనరీలో రాస్తే ఈ సంఖ్య వరసగా 64 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా లేదు. అందుకే కంప్యూటర్‌లోని 64 బిట్ల (0 లేదా 1 పట్టే స్థానాల) గడిలో ప్లస్, మైనస్ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దీనికి ఒకటి కలిపితే పాత బండి మీటరు 99999 దాటినట్టు మొత్తం సున్నాలైపోతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు లాగ్‌లో ఎక్కడైనా ఈ సంఖ్య కనిపిస్తే ముందు అనుమానించాల్సింది, ఎవరో సున్నాలోంచి ఒకటి తీసేశారని. గుర్తుతో రాసే −1, గుర్తు లేని ఈ సంఖ్య, రెండింటికీ లోపల ఉండే బిట్లు ఒకటే.

ఇక క్యాలిక్యులేటర్ ఎందుకు వద్దన్నానో. ఎక్సెల్‌లో ఈ సంఖ్య కొట్టి చూడండి, 15 అంకెల తర్వాత అన్నీ సున్నాలు చేసి 18446744073709500000 అంటుంది. జావాస్క్రిప్ట్‌లో 18446744073709552000 వస్తుంది. తప్పు అని ఎర్ర గీత కూడా రాదు, నిశ్శబ్దంగా మార్చేస్తాయి. ఫోన్లోని చాలా క్యాలిక్యులేటర్లదీ ఇదే వరస. ఇలాంటి పెద్ద పూర్ణ సంఖ్యలకు పైథాన్ వాడండి, 2**64 - 1 అని కొడితే ఇరవై అంకెలూ ఉన్నదున్నట్టు ఇస్తుంది. ఏడు కారణాంకాల్నీ గుణించి అదే వస్తోందో లేదో అక్కడే చూసుకోండి.

ఇదంతా అయ్యాక ఇంకొకటి ప్రయత్నించాలనిపిస్తే ఆఖరి గడి వదిలేసి 63 గడుల మొత్తం తీసుకోండి: 9223372036854775807. గుర్తుతో కూడిన 64 బిట్ల గడిలో ఇదే పెద్దది. 63 బేసి కాబట్టి వర్గాల తేడా సూత్రం ఇక్కడ మొదటి అడుగులోనే ఆగిపోతుంది, ఘనాల తేడాతో మొదలుపెట్టాలి: 2²¹ని ఒక ముక్కగా తీసుకుంటే (2²¹ − 1)(2⁴² + 2²¹ + 1). మొదటి ముక్క 2097151ని మళ్లీ 2⁷, 2³లతో విడగొడితే 7 × 7 × 127 × 337 వస్తుంది. రెండో ముక్కలోంచి 73 తేలిగ్గానే దొరుకుతుంది, ఆ తర్వాత 92737, 649657 మిగలాలి. వాటి కోసం 63 అడుగుల చక్రం గురించి పైన చేసిన ఆలోచనే మళ్లీ చేయండి, వెతకాల్సినవి 126 గుణిజానికి ఒకటి కలిపినవి.